నియాన్ ఫాబ్రిక్ పెయింట్ సెట్: పాత బట్టల్ని డాన్స్ పార్టీ డ్రెస్సులుగా మార్చి చూశాక

ముందే చెప్పేస్తాను, ఈ సెట్ నాకు బాగా నచ్చింది, అయిపోగానే మళ్ళీ కొంటాను. ఆరు రంగుల నియాన్ ఫాబ్రిక్ పెయింట్, ఒక్కో సీసా 25 మిల్లీలీటర్లు. దాంతో నాకు, మా చెల్లికి, ఇద్దరు ఫ్రెండ్స్‌కి కలిపి నలుగురికి డాన్స్ పార్టీ బట్టలు ఇంట్లోనే చేశాను. అయితే ఆరు సీసాల్లో నిజంగా పనికొచ్చినవి నాలుగే, అవి కూడా సీసా మీద ఎక్కడా రాయని ఒక పని చేస్తేనే వెలిగాయి. అదేంటో కింద వివరంగా రాశాను. పెయింట్‌తో పాటు కొన్న మెరిసే టేపు, చీకట్లో వెలిగే పొడి, లైట్ల తీగ ఎలా ఉన్నాయో కూడా చెప్తాను, ఎందుకంటే చేతిలో ఉన్నది తక్కువ డబ్బు అయినప్పుడు ఏది కొనకుండా వదిలేయాలో ముందే తెలిస్తే చాలా కలిసొస్తుంది.

రెడీమేడ్ పార్టీ డ్రెస్సులు చూడకుండా ఈ పనికి దిగలేదు. చూశాం, చాలాసేపు చూశాం. ఒక్కరి డ్రెస్సుకి పెట్టే డబ్బుతో నలుగురి సామాను వచ్చేసింది, ఇంకా కొంచెం మిగిలింది కూడా. పాత నల్ల టీషర్టులు రెండు, ఒక లెగ్గింగ్, ఒక తెల్ల చొక్కా, ఒక మెష్ (వల లాంటి బట్ట) జాకెట్ ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి బట్ట కోసం దాదాపు ఏమీ ఖర్చు కాలేదు.

ఏదైనా కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: డాన్స్ జరిగే చోట ఏ లైట్లు పెడుతున్నారు? మేం మొదట ఇది అడగలేదు, సగం సామాను కొన్నాక అడిగాం. నియాన్ రంగుకి తనంతట తాను వెలిగే శక్తి లేదు. మన కంటికి కనపడని అతినీలలోహిత కిరణాల్ని పీల్చుకుని, వాటిని పసుపుగానో ఆకుపచ్చగానో నారింజగానో కనిపించే వెలుగుగా మార్చి బయటికి పంపుతుంది, అంతే. 1852లో జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త ఫ్లోరైట్ ఖనిజం పేరు మీద దీనికి ఫ్లోరసెన్స్ అని పేరు పెట్టాడు. 1930ల్లో అమెరికాలో రాబర్ట్, జోసెఫ్ స్విట్జర్ అనే అన్నదమ్ములు దీన్ని పెయింట్‌గా మార్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల వాళ్ళకి కిందున్న సైనికులు తమవాళ్ళేనని తెలియడానికి పరిచే సిగ్నల్ బట్టల మీద కూడా ఈ రంగులే వాడారు. ఎండలో అతినీలలోహితం ఎలాగూ ఉంటుంది, అందుకే పట్టపగలు అంత దూరం నుంచి కూడా కనపడేవి. అంటే మన డ్రెస్సు పగలు ఆరుబయట జరిగే పార్టీలోనూ, బ్లాక్ లైట్లు, అంటే అతినీలలోహిత కిరణాలు వదిలే ఊదా లైట్లు, పెట్టిన హాల్లోనూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎరుపు, నారింజ లైట్లు మాత్రమే తిరిగే హాల్లో అయితే అదే ఆకుపచ్చ మట్టి రంగులోకి దిగిపోతుంది, ఎంత మంచి పెయింట్ అయినా సరే.

మాకు అదృష్టం కొద్దీ బ్లాక్ లైట్లు ఉంటాయని చెప్పారు. అప్పుడే ఒక చిన్న యూవీ (అతినీలలోహిత) టార్చి కొన్నాను, ఈ మొత్తం పనిలో నాకు బాగా ఉపయోగపడిన వస్తువుల్లో అదొకటి. టార్చి మీద నానోమీటర్ల అంకె ఉంటుంది, అది వదిలే కిరణాల తరంగదైర్ఘ్యం అన్నమాట, 395 అని ఉంటే చవగ్గా వస్తుంది గానీ దాని ఊదా వెలుగు కూడా కళ్ళకి కనపడి రంగుల్ని కొంచెం కప్పేస్తుంది, 365 అయితే చుట్టూ చీకటిగానే ఉండి పెయింట్ ఒక్కటే వెలుగుతుంది. రెండిట్లో ఏదైనా సరే కళ్ళల్లోకి మాత్రం కొట్టుకోకండి. ఆ రాత్రి గదిలో లైట్లు ఆర్పి బీరువా తలుపు తీసి టార్చి వేశాం. చెల్లి "అక్కా, నీ తెల్ల చొక్కా చూడు!" అని అరిచింది. పాత తెల్ల కాటన్ చొక్కా, దాని మీద ఏ పెయింటూ లేదు, నీలంగా ధగధగా వెలిగిపోతోంది. బట్టల సబ్బు పొడుల్లో తెల్లదనం కోసం కలిపే ఆప్టికల్ బ్రైటెనర్లు బట్టలోనే ఉండిపోతాయి, అవి చేసే పని అది. కాబట్టి డబ్బు అస్సలు లేకపోయినా పర్వాలేదు, బాగా ఉతికిన తెల్ల కాటన్ బట్ట వేసుకుని వెళ్ళినా బ్లాక్ లైట్ కింద మీరు కనిపిస్తారు. అన్ని తెలుపులూ వెలగవు, మా ఇంట్లోనే రెండు తెల్ల బట్టలు చప్పగా ఉండిపోయాయి, టార్చితో చూసుకోవడమే మార్గం.

ఇక అసలు పెయింట్ సంగతి. మొదటి రోజు నల్ల టీషర్టు మీద ఆకుపచ్చ నేరుగా పూశాను. తడిగా ఉన్నంతసేపు బాగానే ఉంది. ఆరేసరికి నాచు పట్టిన గోడలా తయారైంది, టార్చి వేసినా మసక మసకగానే ఉంది. పెయింట్ నకిలీదేమో అనుకుని చాలా బాధపడ్డాను. పెయింట్‌లో తప్పేమీ లేదు. నియాన్ రంగు పూత పలచగా, వెనకున్నది కనపడేలా ఉంటుంది, దాని నుంచి వచ్చే వెలుగులో సగం వెనక్కి వెళ్ళి నల్ల బట్టలో కలిసిపోతుంది. కింద తెల్లటి పూత ఉంటే ఆ సగం కూడా తిరిగి బయటికే వస్తుంది. అందుకని ముందు మామూలు తెల్ల ఫాబ్రిక్ పెయింట్ రెండు పలచని పూతలు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, దాని మీద నియాన్ రెండు పూతలు వేయాలి. సీసా మీద రాయని పని ఇదే. అదే టీషర్టు మీద పక్కపక్కనే తెల్ల పూత ఉన్న గీత, లేని గీత వేసి టార్చి కింద చూశాను, ఒకే సీసాలోంచి వచ్చిన రంగు అంటే ఎవరూ నమ్మరు. ఆ తెల్ల పెయింట్ సెట్‌లో రాదు, విడిగా కొనాలి. పెద్ద సీసా తీసుకోండి, నియాన్ కన్నా అదే ముందు అయిపోతుంది.

పూసే పద్ధతి కూడా కొంచెం చెప్తాను, ఎందుకంటే దీని మీదే డ్రెస్సు ఇంట్లో చేసినట్టు ఉంటుందా, కొన్నట్టు ఉంటుందా అన్నది తేలుతుంది. టీషర్టు లోపల అట్ట ముక్క దూర్చండి, లేకపోతే రంగు వెనక వైపుకి దిగి ముందూ వెనకా అతుక్కుపోతాయి. డిజైన్ అంచుల వెంట మాస్కింగ్ టేపు అంటించి గోరుతో గట్టిగా రుద్దండి. బ్రష్ వద్దు, గిన్నెలు తోమే స్పాంజి చిన్న ముక్క కోసుకుని, దాదాపు పొడిగా ఉన్న స్పాంజితో పైనుంచి కిందికి అద్దండి. నేను మొదట స్పాంజి తడిపి పక్కకి రుద్దాను, టేపు కింద నుంచి రంగు పాకి అంచు అంతా సాలెపురుగు కాళ్ళలా వచ్చింది. ఇంకొకటి, చివరి పూత పూర్తిగా ఆరాక టేపు తీస్తే అంచు పెచ్చులుగా లేస్తుంది. కొంచెం తడిగా ఉన్నప్పుడే మెల్లగా, టేపుని దాని మీదకే మడిచినట్టు లాగితే గీత కత్తితో కోసినట్టు వస్తుంది. మా చెల్లికి ఆ పని అప్పగించాను, నాకన్నా ఓపిక ఎక్కువ.

ఒక రోజంతా ఆరాక లోపలి వైపు నుంచి, పైన పలచటి గుడ్డ వేసి, ఆవిరి లేకుండా ఇస్త్రీ చేయాలి. ఎన్ని నిమిషాలు, ఎంత వేడి అన్నది సీసా మీద ఉన్నట్టే చేయండి, ఒక్కో పెయింట్‌కి ఒక్కోలా ఉంటుంది. ఈ ఇస్త్రీ ఎగ్గొడితే మొదటి ఉతుకులోనే రంగు దిగిపోతుంది.

రంగుల్లో పసుపు, ఆకుపచ్చ, నారింజ, గులాబీ నాలుగూ అద్భుతంగా వెలిగాయి. నీలం, ఊదా మాత్రం నిరాశపరిచాయి. పగటి వెలుగులో ఊదా చాలా అందంగా ఉంది, దాన్ని చూసే సెట్ కొన్నానని కూడా చెప్పొచ్చు, కానీ బ్లాక్ లైట్ కింద దాని జాడ లేదు. మన కన్ను పగటి వెలుగులో పసుపు, ఆకుపచ్చల మధ్య, 555 నానోమీటర్ల దగ్గర ఉండే వెలుగుని బాగా పట్టుకుంటుంది, నీలం ఊదాల వైపు వెళ్ళేకొద్దీ అదే వెలుగు తక్కువగా కనిపిస్తుంది. పైగా ఆ హాలంతా అప్పటికే ఊదా మసకలో ఉంటుంది, అందులో ఊదా డిజైన్ ఎవరికి కనపడుతుంది! విడి సీసాలు దొరికితే ఆ నాలుగు రంగులే కొనండి, సెట్ అవసరం లేదు.

సాగే బట్టల దగ్గర ఈ పెయింట్ బలహీనత బయటపడింది. ఫ్రెండ్ లెగ్గింగ్ మోకాళ్ళ మీద పెద్ద పెద్ద త్రిభుజాలు నిండుగా వేశాం. వేసుకుని ఒక్కసారి కూర్చుని లేచింది, త్రిభుజాల నిండా సన్నటి బీటలు. తర్వాత దారి దొరికింది. లెగ్గింగ్‌ని కాలంత వెడల్పు అట్ట మీదకి ఎక్కించి సాగదీసి ఉంచి, నిండు ఆకారాల బదులు చుక్కలు, మధ్యలో ఖాళీ ఉన్న చిన్న గీతలు వేస్తే బట్ట ఆ ఖాళీల దగ్గర సాగుతుంది, పెయింట్ కదలదు. తొడల పక్క నుంచి మడమల దాకా పసుపు చుక్కల వరస వేశాం, డాన్స్ చేస్తుంటే ఆ చుక్కలే కాళ్ళ కదలికని చూపిస్తాయి, నిజానికి త్రిభుజాల కన్నా ఇదే బాగుంది. సాగే బట్టకి ప్రత్యేకంగా చేసిన పెయింట్లు కూడా ఉన్నాయి, మొత్తం లైక్రా మీదే పని చేసేవాళ్ళు అవి చూసుకోండి.

పెయింట్ తర్వాత నాకు బాగా నచ్చింది రోడ్డు పనులు చేసేవాళ్ళు వేసుకునే ఆ పసుపుపచ్చ సేఫ్టీ జాకెట్టు. దీని గురించి పార్టీ బట్టలు చేసేవాళ్ళు పెద్దగా మాట్లాడరు, ఎందుకో తెలియదు. ఈ జాకెట్లకి ఐఎస్ఓ 20471 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అందులో ఒప్పుకున్న ఫ్లోరసెంట్ రంగులు మూడే: పసుపు, నారింజ-ఎరుపు, ఎరుపు. అంత చవగ్గా అంత వెలిగే బట్ట ఇంకెక్కడా దొరకదు. అల్లిక రకం పాలిస్టర్ అయితే కత్తిరించిన అంచు పీచు రాదు, మడిచి కుట్టక్కర్లేదు. వేలెడు వెడల్పు ముక్కలుగా నిలువునా కత్తిరించి మెష్ జాకెట్ చేతులకి కుచ్చులుగా కుట్టాను, చెయ్యి ఊపితే వెలుగు జల్లు పడుతున్నట్టుంది. సాగే బట్టకి కుట్టేటప్పుడు మిషన్లో మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది పెట్టి జిగ్‌జాగ్ కుట్టు వేయండి. తిన్నటి కుట్టు వేస్తే బట్ట సాగుతుంది గానీ దారం సాగదు, మొదటి చెయ్యి ఎత్తగానే టప్‌మని తెగుతుంది. మిషన్ లేనివాళ్ళు చేత్తో, దారం కొంచెం వదులుగా వదిలి కుట్టుకోవచ్చు.

ఆ జాకెట్టుకే ఉండే వెండి రంగు టేపు చాలా మెరుస్తుందనుకుని నేను విడిగా ఇంకో చుట్ట కొన్నాను, అది తప్పు. ఆ టేపులో కంటికి ఆనని గాజు పూసలు ఉంటాయి, అవి వెలుగు ఎటు నుంచి వస్తే అటే తిప్పి పంపుతాయి. కారు లైట్ల వెనక కూర్చున్న డ్రైవరుకి అందుకే ధగధగా కనిపిస్తుంది. డాన్స్ హాల్లో లైటు పైకప్పు దగ్గర, చూసేవాళ్ళు ఎదురుగా, కాబట్టి వాళ్ళకి బూడిద రంగు పట్టీ కనిపిస్తుంది అంతే. ఫోన్ ఫ్లాష్‌తో ఫొటో తీస్తే మాత్రం టేపు తెల్లగా మండిపోయి మొహం చీకటైపోయింది. ఒక చిన్న ముక్క మడమల దగ్గర ఉంచుకోండి, రాత్రి రోడ్డు మీద నడిచి వెళ్ళేటప్పుడు బళ్ళవాళ్ళకి కనపడతారు. అంతకు మించి వద్దు.

చీకట్లో వెలిగే పొడి కూడా నేను మళ్ళీ కొనను. మంచి రకంలో స్ట్రాన్షియం అల్యూమినేట్ ఉంటుంది, పాతకాలపు జింక్ సల్ఫైడ్ కన్నా అది చాలా ఎక్కువసేపు వెలుగుతుంది, నిజమే. కానీ మొదటి కొన్ని నిమిషాలే చూడముచ్చటగా ఉంటుంది, తర్వాత తగ్గుతూ పోతుంది, అలవాటుపడిన చీకట్లో తప్ప కనపడదు. పడుకునే గదిలో పైకప్పుకి నక్షత్రాలు అంటించడానికి బాగుంటుంది, లైట్లు వెలిగి ఆరే హాల్లో దాని వంతు ఎప్పటికీ రాదు. పైగా పూత లేని రకం పొడి నీళ్ళు తగిలితే పాడవుతుంది, అంటే ఉతికే బట్టకి అస్సలు పనికిరాదు. విరిస్తే వెలిగే గొట్టాలు, అదే గ్లో స్టిక్స్, ఆ ఒక్క రాత్రికి సరదాగా ఉంటాయి, చేతికో మెడకో వేసుకోండి. వాటిని కత్తిరించి ఆ రసం బట్ట మీద చల్లుకునేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చేయకండి, బట్ట మరకవుతుంది, లోపల గాజు ముక్కలు ఉంటాయి, రసం కంట్లో పడితే మంట.

లైట్ల తీగ విషయంలో నా అభిప్రాయం సగం సగం. బ్లాక్ లైట్లు లేని చోట ఇదొక్కటే నమ్మకమైనది, ఎందుకంటే తన వెలుగు తనదే. సన్నటి రాగి తీగ మీద ఎల్ఈడీలు, సీఆర్2032 బటన్ బ్యాటరీలు రెండు. తీగని మోచేతి మీదుగా తీసుకెళ్ళాను, వంగే చోట తెగిపోయి ఆ చెయ్యి మొత్తం ఆరిపోయింది. పక్క కుట్టు వెంట, లేదా కింది అంచు వెంట, అంటే బట్ట పెద్దగా మడత పడని చోట తీసుకెళ్ళాలి. కుట్టేటప్పుడు తీగని బిగించి కుట్టకండి, అంగుళం అంగుళానికి వదులుగా ఒక కుట్టు చాలు, ఉతికేముందు లాగేయడానికి కూడా వీలుగా ఉంటుంది. బ్యాటరీ డబ్బాకి లోపలి వైపు చిన్న జేబు కుట్టండి, పిన్నీసుతో తగిలిస్తే గెంతినప్పుడల్లా ఒంటికి కొట్టుకుంటుంది. నాకు వచ్చిన రెండు డబ్బాల్లో ఒకదాని స్విచ్ పని చేయలేదు, అమ్మినవాళ్ళకి రెండుసార్లు రాసినా జవాబు లేదు, చాలా చిరాకేసింది. రాగానే వెలిగించి చూసుకోండి, కుట్టేశాక విప్పడం నరకం. ఇంట్లో చిన్నపిల్లలుంటే మూతకి స్క్రూ ఉన్న డబ్బానే తీసుకోండి, ఆ బటన్ బ్యాటరీలు మింగితే ప్రాణం మీదకి వస్తుంది.

తెల్ల బట్టకి రంగు అద్దుదామనుకునేవాళ్ళకి ఒక్క మాట: కాటన్‌కి వాడే రియాక్టివ్ రంగులు పాలిస్టర్‌కి పట్టవు. ఫ్రెండ్ పాలిస్టర్ షర్టు ఒకటి ముంచి చూసింది, గులాబీ అంతా నీళ్ళలో పోయి చొక్కా దాదాపు ఎప్పటిలాగే మిగిలింది. లేబుల్ చూసుకోండి. మామూలు అద్దకం రంగులు ఎంత ముదురుగా ఉన్నా బ్లాక్ లైట్ కింద వెలగవు కూడా. అలాగే ఫాబ్రిక్ పెయింట్ మొహానికి పూసుకోవద్దు, మొహానికి వేరే ఉన్నాయి.

పార్టీ రోజు హాల్లోకి వెళ్ళి, మామూలు లైట్లు ఆరి బ్లాక్ లైట్లు పడగానే, మా నలుగురినీ అవతలి గోడ దగ్గర నుంచే గుర్తుపట్టారు. నల్ల టీషర్టు, నల్ల హాలు కలిసిపోయి, పసుపు గీతలు, కుచ్చులు, చుక్కల కాళ్ళు మాత్రమే గాల్లో ఆడుతున్నట్టుంది. ఇద్దరు ముగ్గురు వచ్చి ఎక్కడ కొన్నారని అడిగారు. ఒక ఫ్రెండ్ మాత్రం అలసిపోయి మధ్యలో చొక్కా మార్చుకుంది, కాటన్ చెమటకి తడిసి బరువెక్కింది. చాలాసేపు ఆడేవాళ్ళు మెష్ లాంటి గాలి ఆడే బట్ట తీసుకోండి, దాని మీద పెయింట్ వేయలేరు కాబట్టి కుచ్చులు కుట్టుకోండి.

ఇప్పటికి ఏడుసార్లు ఉతికాను. తిరగేసి, చన్నీళ్ళలో, బ్లీచ్ లేకుండా. పసుపు, ఆకుపచ్చ, నారింజ కొత్తలో ఎలా ఉన్నాయో దాదాపు అలాగే ఉన్నాయి. గులాబీ రెండోసారి ఉతికినప్పుడు మర్చిపోయి రోజంతా ఎండలో వదిలేశాను, పాలిపోయింది. నియాన్ రంగులకి ఎండ పడదు, నీడలోనే ఆరేయండి. అయిదుకి నాలుగు మార్కులు ఇస్తాను, ఆ ఒక్కటీ తగ్గించింది పనికిరాని నీలం, ఊదాల వల్ల, తెల్ల పూత సంగతి ఎక్కడా రాయనందుకు.

పసుపు సీసాలో ఇంకా సగం ఉంది. చెల్లి తన కాన్వాస్ బూట్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. అవి తెల్లవే, అడుగు పూత అక్కర్లేదు, ఈ సాయంత్రమే మొదలుపెడతాం.